ఆపరేటరమ్మ ఆపరేటింగ్ సిస్టమ్

వీధిలో అందరూ ఆవిడను ఆపరేటరమ్మ అనే పిలుస్తారు. ఉద్యోగం వదిలి ఆరేళ్లయినా ఆ పేరు మాత్రం ఆవిడను వదల్లేదు. టెలిఫోన్ ఎక్స్చేంజిలో ఇరవై రెండేళ్లు బోర్డు ముందు కూర్చుని, చెవులకు హెడ్‌సెట్టు తగిలించుకుని, బోర్డు రంధ్రాల్లో ప్లగ్గులు గుచ్చి ఎవరెవరినో ఎవరెవరితోనో కలిపిన మనిషి. ఆవిడ గొంతు విని, ముఖం చూడకుండానే "అమ్మా, మీరు లైన్లో ఉంటే చాలు, భయం పోతుంది" అన్న వాళ్లున్నారు. ఆ మాట ఆవిడ ఎవరికీ చెప్పుకోలేదు గానీ, మరిచిపోనూ లేదు.

తరువాత ఆటోమేటిక్ ఎక్స్చేంజి వచ్చింది. బోర్డులు ఊడదీసి వరండాలో పడేశారు. అప్పటి ఆఫీసరు కుర్రవాడు, చెడ్డవాడేమీ కాదు, నవ్వుతూనే అన్నాడు: "ఇంక మీ గొంతులతో పనిలేదమ్మా. అన్నీ మెషీన్లే చూసుకుంటాయి." వెటకారంగా అని ఉంటే ఆవిడ నాలుగు మాటలు దులిపేసి ఊరుకునేది. నవ్వుతూ అన్నాడు కాబట్టే ఆ మాట లోపలికి దిగింది. మిగిలిన పదకొండేళ్లూ ఫైళ్ల గదిలో దుమ్ము దులుపుతూ గడిపి రిటైరయింది.

ఇప్పుడు ఆవిడకు అరవై నాలుగు. భర్త రిటైరైన బస్సు డ్రైవరు. కొడుకు డ్యూటీ మీద ఎక్కువగా ఊళ్లు తిరుగుతుంటాడు. కోడలు ఆసుపత్రిలో ల్యాబ్ టెక్నీషియను. షిఫ్టుల ప్రకారం వెళ్లొస్తుంటుంది. ముందుగదిలో కిటికీ పక్కన, కొడుకు చదువుకునే రోజుల్లో కొన్న కంప్యూటరు ఉంది. ఇంట్లో దానితో పని ఉన్నది ఆపరేటరమ్మ ఒక్కదానికే.

ఆ పని ఒక పుస్తకం. ఎక్స్చేంజిలో బోర్డు మీద పనిచేసిన ఆడవాళ్లు మొత్తం నలభై ఒక్కమంది. ఎవరెప్పుడు చేరారు, ఏ సీట్లో కూర్చున్నారు, ఏ రాత్రి ఏ ప్రాణాన్ని ఏ డాక్టరుతో కలిపారు, ఇవన్నీ వాళ్ల మాటల్లోనే రాయించి అచ్చు వేయాలని ఆవిడా, ఆవిడ స్నేహితురాలూ పూనుకున్నారు. బోర్డు మీద ఆపరేటరమ్మది రెండో సీటు. స్నేహితురాలిది మూడో సీటు. అందుకని ఆవిడ పేరు మూడో సీటు అనే స్థిరపడిపోయింది. రైల్లో ఆరు గంటల దూరంలో వేరే ఊళ్లో ఉంటుంది. ఇరవై మూడుమంది కథలు ఆపరేటరమ్మ టైపు చేయాలి, పద్దెనిమిది మందివి మూడో సీటు. రెండు నెలల్లో పాతవాళ్లంతా ఒకచోట కలవబోతున్నారు. ఆ రోజుకి పుస్తకం చేతిలో ఉండాలన్నది వాళ్ల పంతం.

అలాంటి సమయంలో కంప్యూటరు మొండికేసింది. మీట నొక్కితే తెర మీద బొమ్మ రావడానికి పావుగంట. ఒక అక్షరం కొడితే అది కనబడేలోగా కళ్లజోడు తుడుచుకుని మళ్లీ పెట్టుకోవచ్చు. ఆపైన రోజుకు రెండుసార్లు "ఈ సిస్టమ్‌కు ఇకపై సహాయం అందదు" అని ఒక పెట్టె తెర మధ్యన వచ్చి కూర్చునేది.

కంప్యూటర్లు బాగుచేసే షాపతను ఇంటికొచ్చి, పక్కరేకు విప్పి, ఉఫ్ మని ఊది, పెదవి విరిచాడు.

"దీనికి వయసైపోయిందమ్మా. ఇందులో ఉన్న సిస్టమ్‌కి అప్‌డేట్లు ఆపేశారు. కొత్తది వేద్దామంటే ఇది మొయ్యలేదు. పాత సామాన్ల వాడికి ఇచ్చేయండి."

"ఏ భాగం చెడిపోయింది బాబూ?"

"చెడిపోవడం అని కాదు. వయసైపోయింది."

"చెడిపోకుండా వయసైపోవడమేంటి?"

అతను సమాధానం వెతుక్కునేలోగా పక్కగదిలోంచి డ్రైవరుగారు దగ్గారు. ఆ దగ్గు వెనక నవ్వుందని ఆవిడకు తెలుసు. షాపతను రేకు బిగించి వెళ్లిపోయాడు. ఆపరేటరమ్మ మాత్రం ఆ రోజంతా ఆ మాట నములుతూనే ఉంది. ఏ భాగమూ చెడలేదట, కానీ పనికిరాదట. ఇదెక్కడో విన్న మాటే.

సాయంత్రం డ్యూటీ నుంచి వచ్చిన కోడలు చెప్పులు విప్పుతూనే సంగతంతా వింది.

"మా ఆసుపత్రి రికార్డుల గదిలో ఇంతకంటే పాతది ఉందత్తయ్యా. దాంట్లో లినక్స్ మింట్ అని వేరే ఆపరేటింగ్ సిస్టమ్ వేశారు. శుభ్రంగా నడుస్తోంది. కొత్తగా నేర్చుకునేవాళ్లకి అదే తేలికంటారు."

"ఆపరేటింగ్ సిస్టమ్ అంటే?"

"కంప్యూటర్లో అన్నింటినీ కలిపేది. మీరు కీ నొక్కితే ఆ సంగతి తెరకి చెప్పాలి, ప్రింటర్‌కి చెప్పాలి, డిస్కుకి చెప్పాలి. ఎవరికి ఏది కావాలో అటు పంపిస్తూ ఉంటుంది."

"అంటే బోర్డు మీద కూర్చున్న ఆపరేటరన్నమాట!"

కోడలు ఒక్కక్షణం ఆలోచించి పకపకా నవ్వింది. "అన్నమాటే అత్తయ్యా. ఈ మింట్ అయితే ఎవరి సొంతమూ కాదు. లోపల ఎలా రాశారో ఎవరైనా విప్పి చూసుకోవచ్చు. ప్రపంచమంతటా తెలిసినవాళ్లు కలిసి బాగుచేస్తుంటారు."

"విప్పి చూడొచ్చా? అయితే నాకు నచ్చింది," అంది ఆపరేటరమ్మ, విప్పి చూస్తే తనకేమీ అర్థం కాదని తెలిసినా.

మర్నాడు కోడలి ల్యాప్‌టాప్‌లో ఆ ఫైలు దించుకుంది. పొడుగాటి నోటుబుక్కు తెరిచి, డ్యూటీ రిజిస్టరు రాసినట్టే ఎడమవైపు గంట, కుడివైపు చేసిన పని రాయడం మొదలుపెట్టింది. ఫైలును పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసింది. పెన్‌డ్రైవ్ గుచ్చి మీట నొక్కింది. పావుగంట తర్వాత పాత సిస్టమే వచ్చి, తనకు సహాయం అందదని మొరపెట్టుకుంది. మళ్లీ చేసింది. మళ్లీ అదే. మూడు రోజుల పాటు రిజిస్టరులో కుడివైపు "ఉలుకూ పలుకూ లేదు" అన్న ముక్కే పదకొండుసార్లు పడింది.

"పుదీనా ఎంతవరకొచ్చింది?" అన్నారు డ్రైవరుగారు. మింట్ అంటే పుదీనా అని కోడలు చెప్పినప్పటి నుంచి ఆయన ఆ సిస్టమ్‌ని మరో పేరుతో పిలవలేదు.

"మీకు వేళాకోళంగానే ఉంటుంది. నా తల ప్రాణం తోకకొస్తోంది ఇక్కడ."

నాలుగో రోజు ఆవిడ ఒక పని చేసింది. ఇంటర్నెట్‌లో దొరికిన సూచనల పేజీలు, ఇంతవరకూ పైపైన చూసి వదిలేసినవి, కూర్చుని మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా చదివింది. రెండో పేజీలోనే ఉంది సంగతి. ఫైలును ఊరికే కాపీ చేస్తే చాలదు. దానికోసం ఉన్న చిన్న ప్రోగ్రాముతో పెన్‌డ్రైవ్ మీద ప్రత్యేకంగా రాయాలి. అప్పుడే కంప్యూటరు దాన్ని నడిచే వస్తువుగా గుర్తిస్తుంది.

"చూశారా నేను చేసిన తెలివితక్కువ పని! నంబరు కాగితం మీద రాసి బోర్డుకి అంటించాను. ప్లగ్గు పెట్టలేదు. లైనెలా కలుస్తుంది?"

ప్లగ్గు పెట్టడం అయ్యాక ఇంకో చిక్కొచ్చింది. మీట నొక్కగానే, పాత సిస్టమ్ లేవకముందే, కీబోర్డు పైవరసలో ఒక కీ నొక్కి "పెన్‌డ్రైవ్ నుంచి మొదలుపెట్టు" అని చెప్పాలి. ఆవిడ నొక్కేసరికి ఆ క్షణం దాటిపోతోంది. చూసి చూసి డ్రైవరుగారు కుర్చీ లాక్కున్నారు.

"లే, నేను చూస్తాను. గేరు ఎప్పుడు మారుతుందో చూసి నొక్కడం కాదు. ముందునుంచే కాలు క్లచ్చు మీద ఉండాలి." ఆయన చూపుడువేలు ఆ కీ మీద పెట్టి, "ఊఁ, నొక్కు మీట" అన్నారు. ఆవిడ మీట నొక్కింది. ఆయన టకటకటకా వడ్రంగి పిట్టలా కొడుతూనే ఉన్నారు. తెర మీద ఎన్నడూ చూడని చిన్న జాబితా వచ్చింది. ఆవిడ బాణం కీతో రెండో వరస ఎంచుకుంది. నల్లటి తెర. నాలుగు క్షణాలు, ఐదు, పది. చిన్న ఆకుపచ్చ గుర్తు. ఆ వెనకే తేటగా, నిండుగా ఒక కొత్త తెర.

డ్రైవరుగారు కీ మీంచి వేలు తీశారు.

"పాతది పోయిందా మరి?" అన్నారు ఆయన, గొంతు తగ్గించి.

"ఏదీ పోలేదండీ. ఇది పెన్‌డ్రైవ్ మీదే నడుస్తోంది. అది లాగేస్తే మళ్లీ పాతదే వస్తుంది. బాగుందో లేదో చూసుకుని, నచ్చితేనే లోపల వేసుకోమంటున్నారు."

"అలా చూసుకోనిచ్చి ఇచ్చేవాళ్లు కూడా ఉన్నారే!"

వారం రోజులు ఆవిడ చూసుకుంది. ఒక రోజు శబ్దం, ఒక రోజు ఇంటర్నెట్. పెన్‌డ్రైవ్ మీదున్నంతసేపూ అది ఏదీ గుర్తుపెట్టుకోదు. ఆపి మళ్లీ పెడితే, మొదటిరోజు డ్యూటీకొచ్చిన ట్రైనీలా అన్నీ కొత్తగా అడిగేది. ఆవిడ విసుక్కోలేదు. ట్రైనీలను చాలామందినే చూసింది. బుధవారంనాడు తెలుగు కీబోర్డు చేర్చుకుని "అ" కొట్టింది. వేలు లేవకముందే అక్షరం పడింది. కళ్లజోడు తుడుచుకోవడానికి వ్యవధి లేదు. గురువారం, షాపతను కంప్యూటరుతో పాటే ఎందుకూ పనికిరాదని తేల్చేసిన పాత ప్రింటరును తగిలించింది. తెర మీద దాని పేరు దానంతటదే వచ్చింది. ఒక పేజీ కిర్రుకిర్రుమంటూ బయటికొచ్చింది. ఆ కాగితం వెచ్చగా ఉండగానే ఆవిడ తీసుకెళ్లి వంటింట్లో కోడలి చేతిలో పెట్టింది.

"ఇక లోపల వేసెయ్యొచ్చత్తయ్యా. నా సెలవు రోజు చూసి కూర్చుందామా?"

"వద్దమ్మాయ్. నువ్వు పక్కనుంటే నా చెయ్యి నిన్ను అడుగుతుంది. లేకపోతే నన్నే అడుగుతుంది."

మంగళవారం మధ్యాహ్నం కూర్చుంది. పుస్తకం ఫైళ్లన్నీ కోడలి ల్యాప్‌టాప్‌లో ఒకటి, వేరే పెన్‌డ్రైవ్‌లో ఒకటి, రెండు కాపీలు తీసి, ఒక్కొక్కటీ తెరిచి చివరి పేజీ దాకా చూసింది. రిజిస్టరులో గంట వేసింది. అడుగు తర్వాత అడుగు వెళ్లింది. భాష అడిగింది, చెప్పింది. కీబోర్డు అడిగింది, చెప్పింది. అప్పుడొచ్చింది ఆ ప్రశ్న: డిస్కు మొత్తం తుడిచేసి ఇన్‌స్టాల్ చేయమంటారా?

ఆవిడ వేలు వెనక్కి తీసుకుంది. బోర్డు మీద ఇద్దరు మాట్లాడుకుంటుండగా పొరపాటున ప్లగ్గు లాగితే, మళ్లీ పెట్టినా ఆ తెగిన మాట తిరిగి రాదు. ఆ భయం ఇరవై రెండేళ్లూ ఆవిడ వేళ్లలో ఉండేది. ఆ భయం ఉన్నందుకే ఎప్పుడూ పొరపాటు చేయలేదు. లేచివెళ్లి పెన్‌డ్రైవ్‌లో ఉన్న కాపీని కోడలి ల్యాప్‌టాప్‌లో మరోసారి తెరిచి చూసింది. ఇరవై మూడు. ఒక్కటీ తక్కువ కాలేదు. తిరిగొచ్చి కూర్చుని నొక్కింది.

ఇరవై రెండు నిమిషాలు. పని ఎంతవరకొచ్చిందో చూపే నీలం గీత తెర మీద కుడివైపు పాకుతుంటే డ్రైవరుగారు ముందుగదిలోంచి వంటింట్లోకి, వంటింట్లోంచి ముందుగదిలోకి తిరుగుతూనే ఉన్నారు. పెన్‌డ్రైవ్ తీసి ఎంటర్ నొక్కమంది. తీసింది, నొక్కింది. ఈసారి లోపల తీగలతో, డిస్కుతో, ఏ ఊతమూ లేకుండా తెర లేచింది. మీట నొక్కిన దగ్గర్నుంచి ఒక్క నిమిషం కూడా పట్టలేదు. "స్వాగతం" అన్న మాట పక్కన ఆవిడ పెట్టుకున్న పేరు ఉంది: ఆపరేటరు.

డ్రైవరుగారు చొక్కా తొడుక్కుని బయటికెళ్లారు. వీధి చివర టీ కొట్టు దగ్గర ఆయన ఏం చెప్పారో గానీ, సాయంత్రానికల్లా ఇద్దరు ముగ్గురు కిటికీలోంచి తొంగిచూసి, "ఏదండీ, ఆపరేటరమ్మ గారు వేసిన సిస్టమ్?" అని అడిగివెళ్లారు.

ఆ సంబరం పంచుకుందామని మూడో సీటుకు ఫోన్ చేస్తే, అవతల నుంచి ఊఁ, ఊఁ అన్న ముక్కే వచ్చింది.

"ఏంటి వదినా, అలా ఉన్నావు?"

"నాదీ అదే పరిస్థితి వదినా. నెలయింది. మధ్యమధ్యలో దానంతటదే ఆరిపోతోంది. నీకు చెబితే కంగారుపడతావని చెప్పలేదు. పద్దెనిమిదిలో నాలుగు ఇంకా టైపు చెయ్యాలి. దానికి తోడు నా కుడికన్ను మసకేసింది. భూతద్దం పెట్టుకుని ఒక్కొక్క అక్షరమూ వెతుక్కుంటున్నాను."

"నెల రోజులు దాచావా? సరే, తిట్టడం తర్వాత. ముందు నేను ఒక పెన్‌డ్రైవ్ పంపిస్తాను."

ఆవిడ ఇంకో పెన్‌డ్రైవ్ మీద సిస్టమ్ రాసి, గుర్తుకు ఎర్రదారం కట్టి, కొరియర్‌లో పంపింది. కాపీలు దాచుకోవడానికి నీలంరంగుది ఇంకోటి. శుక్రవారం రెండు గంటలకు ఫోన్ స్పీకర్లో పెట్టి బల్ల మీద పెట్టుకుంది. తన కంప్యూటరును కూడా పెన్‌డ్రైవ్ నుంచి లేపి, అవతల కనబడే తెరే తన ముందూ ఉండేలా చూసుకుంది.

"వదినా, నువ్వు చూసింది చూసినట్టు చదువు. నీకు అర్థం కాకపోయినా ఫరవాలేదు. ఏదీ వదలకు. నేను నొక్కమనేదాకా నొక్కకు."

"చిత్తం," అంది మూడో సీటు.

మొదటి గంట సాఫీగానే సాగింది. టైపు చేసిన పద్నాలుగు ఫైళ్లూ, ఫొటోలూ నీలం పెన్‌డ్రైవ్‌లోకి కాపీ అయ్యాయి. ఒక్కొక్కటీ తెరిపించి, చివరి వాక్యం చదివించి మరీ రాసుకుంది ఆపరేటరమ్మ. "ఇప్పుడు నీలంది తీసేసి పక్కన పెట్టు" అంది. "సరే" అంది మూడో సీటు. అంతలోనే అక్కడ తలుపు గంట మోగింది. "ఉండు వదినా, పక్కింటావిడ" అని లేచివెళ్లి, రెండు నిమిషాల్లో వచ్చి కూర్చుంది. ఎర్రదారం కట్టిన పెన్‌డ్రైవ్ గుచ్చారు. కీ టకటకా కొట్టడం అక్కడ మొదటిసారికే కుదిరింది. క్లచ్చు మీద కాలు సంగతి డ్రైవరుగారే స్వయంగా ఫోన్లో వివరించారు. భాష, కీబోర్డు దాటారు. డిస్కు తుడిచే ప్రశ్న దాటారు.

"ఇప్పుడు ఏ డిస్కో అడుగుతుంది. ఏం కనబడుతోంది?"

"ఏవో ఇంగ్లీషు అక్షరాలు... పక్కన పదహారు... జీబీ అనుకుంటా. కింద ఇన్‌స్టాల్ అని ఉంది. నొక్కేస్తున్నా."

"ఆగు!"

ఆ గొంతు బోర్డు మీద కూర్చున్న రోజుల్లో కూడా అంత పదునుగా లేచి ఉండదు. డ్రైవరుగారు ఉలిక్కిపడి పేపరు వదిలేశారు.

"చెయ్యి మౌస్ మీంచి తియ్యి. ఒళ్లో పెట్టుకో. పెట్టుకున్నావా?"

"పెట్టుకున్నా. ఏమైంది వదినా?"

"నీ కంప్యూటరు డిస్కు ఐదువందలని మొన్న చెప్పావు. పదహారెక్కడిది? నీలం పెన్‌డ్రైవ్ ఎక్కడుంది?"

అవతల కుర్చీ కిర్రుమంది. ఏదో తడుముతున్న చప్పుడు. తర్వాత చాలా చిన్న గొంతు: "దానికే ఉంది వదినా. గంట మోగిందని లేచాను. తీశాననే అనుకున్నాను."

నొక్కి ఉంటే ముందు కాపీలు తుడిచిపెట్టుకుపోయేవి. తప్పు తెలియక మళ్లీ మొదలుపెట్టి అసలు డిస్కు తుడిచి ఉంటే, పద్నాలుగు మంది కథలూ, వాళ్లలో ముగ్గురు ఇప్పుడు లేరు, ఎక్కడా మిగిలేవి కావు. ఆపరేటరమ్మ కుర్చీ ముందుకు లాక్కుంది. గొంతులో కంగారు రానివ్వలేదు.

"ఏమీ కాలేదు. ఇంకా దేన్నీ నొక్కలేదు. తెర మీద వెనక్కి వెళ్లే మీట ఉంటుంది..."

"ఇంక నా వల్ల కాదు వదినా." అంది మూడో సీటు. "కన్ను కనబడదు, చెయ్యి నిలవదు. నేనేదో పాడుచేస్తాను. మీ కోడలికి ఎప్పుడైనా తీరికైతే పంపించు. లేదా పుస్తకం నీ ఇరవై మూడుతోనే వెయ్యి."

కంగారుపడుతున్న మనిషిని మాటలతో కుదిపితే ఇంకా కంగారుపడుతుంది. ఆపరేటరమ్మకది బాగా తెలుసు.

"వదినా, ఆ వానల వారం గుర్తుందా?"

అవతల కుర్చీలో కదిలిన చప్పుడు.

"లైన్లన్నీ తెగిపోయి నాలుగే మిగిలాయి. నాకు జ్వరం. నువ్వు సీటు దిగకుండా రెండు పగళ్లూ రెండు రాత్రులూ కూర్చున్నావు. కరెంటు లేదు. దీపం వెలుగులో నంబర్లు కనబడక, రంధ్రాలు వేలితో లెక్కపెట్టుకుని ప్లగ్గు పెట్టావు. ఆసుపత్రి లైను ఒక్కసారైనా తప్పుగా కలిపావా?"

"లేదు."

"అప్పుడు రెండు కళ్లూ ఉండి కనబడలేదు. ఇప్పుడు ఒక కన్నుంది, భూతద్దం ఉంది, చెవిలో నేనున్నాను. ఇది దానికంటే కష్టమా?"

అవతల నుంచి ముక్కు చీదిన చప్పుడు వచ్చింది. ఆ వెనకే చిన్న నవ్వు. "నీ గొంతేంటి వదినా, అచ్చం డ్యూటీలో ఉన్నట్టుంది."

"డ్యూటీలోనే ఉన్నాను. నీలందాన్ని తీశాను అని గట్టిగా చెప్పు. ఎక్కడ పెట్టావో కూడా చెప్పు."

"తీశాను. జాకెట్టులో పెట్టుకున్నాను."

"అంతకంటే భద్రమైన చోటు లేదు. ఇప్పుడు వెనక్కి వెళ్లి, మళ్లీ ముందుకు రా. ఏం కనబడుతోంది?"

భూతద్దం బల్లకు తగిలిన చప్పుడు. "ఐదు... సున్నా... సున్నా. ఐదువందలు. ఇంకోసారి చూస్తానుండు. ఐదువందలే."

"నీ చేత్తో నువ్వే నొక్కు."

నొక్కింది. నీలం గీత అక్కడ పాకుతుంటే ఇక్కడ ఆపరేటరమ్మ కళ్లు మూసుకుని కూర్చుంది. ఆరు గంటల దూరంలోని గదిలో గోడగడియారం టిక్కుటిక్కుమనడం, పక్కింటి కుళాయి పారడం వినబడుతున్నాయి. ఇద్దరిలో ఎవరూ కాల్ పెట్టేయలేదు. ముప్పై నిమిషాలయ్యాక, "మళ్లీ మొదలుపెట్టమంటోంది" అని వినబడింది. ఎర్రదారం తీసింది. ఎంటర్ నొక్కింది.

"వచ్చింది వదినా! నా పేరుతో పిలుస్తోంది!"

"ఉండు, ఇంకో పనుంది." ఆపరేటరమ్మ ముందురోజే తన కంప్యూటరు మీద వెతికి పెట్టుకున్న దారిలో ఆవిడను నడిపించింది. సెట్టింగులు, అందులో అక్షరాలు, అందులో పరిమాణం. ఒక మెట్టు పెంచమంది. ఇంకో మెట్టు. ఇంకోటి. "ఇప్పుడు నీలంది పెట్టి, మన ఒకటో సీటు పెద్దమ్మ ఫైలు తెరువు."

మౌస్ రెండుసార్లు టిక్కుమంది. తర్వాత మూడో సీటు చదవడం మొదలుపెట్టింది. "నేను చేరిన రోజున ఎక్స్చేంజిలో ఆడవాళ్లం ఇద్దరమే..." తడుముకోకుండా ఒక వాక్యం, రెండు వాక్యాలు, ఒక పేరా. మధ్యలో ఆగింది.

"వదినా, భూతద్దం బల్ల మీదే ఉంది. అద్దం లేకుండానే చదువుతున్నాను."

"వినబడుతూనే ఉంది. చదువు," అంది ఆపరేటరమ్మ. ముఖం కిటికీ వైపు తిప్పుకుంది గానీ డ్రైవరుగారు చూశారు. చూసి, వెళ్లి టీ పెట్టారు.

మిగిలిన నాలుగు కథలూ మూడో సీటు పన్నెండు రోజుల్లో పూర్తిచేసింది. నలభై ఒక్కమంది కథలూ ఒకచోట చేర్చి, పేజీలు అమర్చి, అచ్చుకు ఇచ్చే ఫైలు ఆపరేటరమ్మే ఆ కిటికీ పక్క కంప్యూటరు మీద తయారుచేసింది. ప్రెస్సాయన ఫైలు తెరిచి చూసి, "ఏ ఆఫీసులో చేయించారమ్మా?" అని అడిగితే, "మా ఇంట్లో" అంది. ఆ రెండు ముక్కలకు మించి చెప్పాలనిపించలేదు. చెబితే గొప్పలు చెప్పుకున్నట్టవుతుంది. చెప్పకపోయినా ఆ రోజంతా వీపు నిటారుగానే ఉంది.

పాతవాళ్లంతా కలిసిన రోజున హాల్లో ఇరవై ఆరుమంది వచ్చారు. ఎవరి పేజీ వాళ్లు తెరుచుకుని, పక్కవాళ్ల పేజీలు లాక్కుని, ఏడ్చేవాళ్లు ఏడ్చారు, నవ్వేవాళ్లు నవ్వారు. భోజనాల దగ్గర ఎనిమిదో సీటు ఆపరేటరమ్మ చెయ్యి పట్టుకుంది.

"మా ఇంట్లో కూడా ఒక పాత డబ్బా ఉందే. మా అల్లుడు పారేస్తానంటున్నాడు. నువ్వేదో వేస్తావటగా, ఫోన్లో చెబుతావా?"

ఆపరేటరమ్మ నోరు తెరిచేలోపే మూడో సీటు మధ్యలోకి వచ్చేసింది. మసక కన్ను ఒకవైపు, రెండోది మెరుస్తూ.

"దీన్నడగడమెందుకు? నన్నడుగు. మొన్న ఆదివారం మా పక్కింటావిడది నేనే వేశాను, దీనికి ఫోన్ కూడా చెయ్యలేదు. ముందు ఒకటి చెబుతాను, రాసుకో. కాపీలు తీశాక ఆ పెన్‌డ్రైవ్ ఊడదీసి జాకెట్టులో పెట్టుకోవాలి. అన్నిటికంటే ముఖ్యం అదే."

తనను అడగకుండా చేసేసిందా అని ఆపరేటరమ్మ మనసు ఒక్కక్షణం చివుక్కుమంది. ఆ మరుక్షణమే లోపలినుంచి ఇంకేదో పొంగుకొచ్చి ఆ చివుక్కును ముంచేసింది. మూడో సీటు చేతులు తిప్పుతూ, ఏ డిస్కు ఎంతో చూసుకోవడం ఎలాగో ఎనిమిదో సీటుకు వివరిస్తోంది. గొంతులో ఎక్కడా తొట్రుపాటు లేదు. చుట్టూ ఇంకో ముగ్గురు కుర్చీలు దగ్గరికి లాక్కుంటున్నారు. ఆపరేటరమ్మ తన కుర్చీ కాస్త వెనక్కి జరుపుకుని, వాళ్లకు చోటిచ్చింది.